నూనెచుక్కతో చూలు నిలుస్తుందా?

ఆబోతు వీర్యాన్ని గడ్డకట్టించే ముందు అందులో కాస్త మొక్కనూనె కలిపితే వీర్యకణాలు చలిని తట్టుకుంటాయనీ, ఆ వీర్యంతో ఎదసూది వేస్తే ఆవులూ గేదెలూ తొందరగా చూడి కడతాయనీ ఒక నమ్మకం పశువైద్య పరిశోధనల్లో కొన్నేళ్ళుగా బలపడుతూ వచ్చింది. లవంగ నూనె, దాల్చినచెక్క నూనె, థైమ్, రోజ్‌మేరీ, కొబ్బరినూనె, ఇలా ఏ పేరుతో వెతికినా ఒక పరిశోధనా పత్రం ఎదురవుతుంది. ఆబోతులతో ఆగలేదు, పొట్టేలు, మేకపోతు, మగపంది వీర్యంలోనూ ఏదో ఒక నూనె వేసి చూశారు. పత్రాల చివర వచ్చే మాట మాత్రం పెద్దగా మారదు: కరిగించాక కదిలే కణాల శాతం పెరిగింది, కణపొర చెదరడం తగ్గింది, కాబట్టి ఈ నూనెను కృత్రిమ గర్భధారణలో వాడుకోవచ్చు. ఇందులో మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. ప్రయోగం చేసినవారు తాము చూసిందే రాశారు. మూడో మాటకు మాత్రం ఆ ప్రయోగంలో ఆధారం లేదు. సూక్ష్మదర్శిని కింద కదిలిన కణానికీ, నెలల తర్వాత కొట్టంలో పుట్టే దూడకీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచిన పత్రాలు బహు తక్కువ. కొలవకుండానే దూడను లెక్కలో వేసుకోవడం ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది.

ఈ నమ్మకం వెనక ఉన్న తర్కాన్ని ముందు ఒప్పుకోవాలి. వీర్యాన్ని శరీర వేడి నుంచి 5 డిగ్రీలకు చల్లబరిచేటప్పుడే కణపొరలోని కొవ్వులు బిగుసుకుని పొర అక్కడక్కడా చెదురుతుంది. ఆపైన ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీలకు చేరేలోగా నీరు మంచుగా మారి, మిగిలిన ద్రావణం ఉప్పుతో చిక్కబడి కణంలోని నీటిని పీల్చేస్తుంది. ఈ రెంటికీ ఆక్సిజన్ తోడవుతుంది. ఆబోతు వీర్యకణపు పొరలో బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అవి పొరను మెత్తగా, కదలడానికి వీలుగా ఉంచుతాయి గానీ ఆక్సీకరణకు తేలిగ్గా లొంగిపోతాయి. చచ్చిన కణాల్లోని ఒక ఎంజైము అమైనో ఆమ్లాల మీద పనిచేసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుందని 1950 నాటికే తెలుసు. అంటే చచ్చిన కణం పక్కనున్న బతికిన కణానికి కూడా చేటు తెస్తుంది. వీర్యకణంలో జీవద్రవ్యం నామమాత్రం కాబట్టి తనను తాను కాపాడుకునే ఎంజైములూ తక్కువే. గేదెపోతు వీర్యం ఆబోతు వీర్యం కంటే కూడా ఈ విషయంలో సున్నితం. మొక్కల నూనెల్లో టోకోఫెరాల్‌లు, ఫీనాల్‌లు, అంటే ఆక్సీకరణను ఆపే పదార్థాలు ఉంటాయి. అవి వేస్తే మేలు జరగవచ్చని అనుకోవడంలో తప్పేమీ లేదు. అనుకున్నదాన్ని దేనితో సరిచూశారు అన్నదే అసలు ప్రశ్న.

వీర్యాన్ని గడ్డకట్టించే విద్య ఎలా పుట్టిందో చూస్తే ఈ ప్రశ్నకు ఒక పాత జవాబు దొరుకుతుంది. 1949లో లండన్‌లో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యం మీద పనిచేస్తూ, పండ్ల చక్కెర అనుకున్న ఒక సీసాలోని ద్రావణం కణాలను చలి నుంచి కాపాడటం గమనించారు. కొత్తగా కలిపిన చక్కెర ద్రావణం ఆ పని చేయలేదు. అప్పుడు వాళ్ళు సీసాలో నిజంగా ఏముందో పరీక్ష చేయించారు. అది గ్లిసరాల్ అని తేలింది, చీటీ మారిపోయింది. గుణం ఎక్కడిదో అణువు దాకా వెళ్ళి తేల్చుకోవడం ఒకటి, అక్కడితో ఆగకుండా 1950ల మొదట్లోనే ఆ పద్ధతితో కోడిపిల్లలూ దూడలూ పుట్టేదాకా పని నడవడం రెండోది. డెబ్బై అయిదేళ్ళ కిందటి ఆ రెండు అలవాట్లనూ నేటి నూనె పత్రాలు చాలా మటుకు వదిలేశాయి. ఏ అణువు పనిచేసిందో చెప్పరు, దూడ పుట్టిందో లేదో చూడరు. ఇంకో తమాషా ఏమంటే, గ్లిసరాల్ అనేది నూనెలకూ కొవ్వులకూ వెన్నెముక లాంటి అణువు. సబ్బు, బయోడీజిల్ పరిశ్రమల్లో మొక్కనూనెల నుంచి టన్నుల కొద్దీ వస్తుంది. ఆ లెక్కన మొక్కనూనె ఇచ్చిన అత్యుత్తమ రక్షణ వీర్యం నింపే సన్నగొట్టంలో, అంటే ప్రతి స్ట్రాలోనూ ఇప్పటికే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ప్రకృతి వరం అనరు, ఎందుకంటే దానికి చెట్టు పేరు లేదు.

చెట్టు పేరు తగిలించడం వల్ల వచ్చే నష్టం, మొక్కనూనె అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు వస్తువులు కలిసిపోవడం. మొదటిది సోయా లెసిథిన్. ముడి సోయానూనెను శుద్ధి చేసేటప్పుడు విడిపోయే బంక అది. ప్రధానంగా ఫాస్ఫోలిపిడ్‌ల మిశ్రమం. 1939లో విస్కాన్సిన్‌లో ఫిలిప్స్ ఆబోతు వీర్యానికి గుడ్డు సొనను పరిచయం చేసినప్పటి నుంచీ సొన చేస్తున్న పనినే ఇదీ చేస్తుంది. వీర్యద్రవంలోని కొన్ని ప్రొటీన్‌లు వీర్యకణపు పొర నుంచి కొలెస్ట్రాల్‌నూ ఫాస్ఫోలిపిడ్‌లనూ లాగేస్తాయి. సొనలోని ఎల్‌డీఎల్ కణికలు ఆ ప్రొటీన్‌లను తమకు అంటించుకుని పొరను కాపాడతాయని ఈ శతాబ్దం తొలి ఏళ్ళలో మాంట్రియల్ పరిశోధకులు చూపించారు. లెసిథిన్‌తో చేసిన ద్రావణాలు 1990ల నుంచి మార్కెట్లో ఉన్నాయి, వేల పశువుల మీద సొనతో పోల్చి చూశారు. కొన్ని పోలికల్లో సమానంగా నిలిచాయి, కొన్నింటిలో వెనకబడ్డాయి. వాటిని యూరప్ కేంద్రాలు వాడటానికి ముఖ్య కారణం చూడి శాతం పెరగడం కాదు. గుడ్డు ద్వారా సూక్ష్మజీవులు దేశాలు దాటి వస్తాయన్న భయం, గుడ్డుకూ గుడ్డుకూ సొన మారిపోవడం అనే చిక్కు, ఇవీ కారణాలు. లెసిథిన్ నెగ్గిందంటే నెగ్గింది కొలత ప్రకారం, పొలంలో పరీక్షకు నిలబడి. దాని పరువును అరువు తెచ్చుకుని, ఆ పరీక్ష రాయని మిగతా నూనెలు కూడా నెగ్గినట్టు చెప్పుకోవడం న్యాయం కాదు.

రెండో వస్తువు వంటనూనె. కొబ్బరినూనెను ఆబోతు వీర్యంలో కలిపి చూసిన పరిశోధనలు మలేసియా నుంచి వచ్చాయి. అక్కడ నూనెను ఒంటరిగా కాక, ఒకసారి గుడ్డు సొనతో, మరోసారి సోయా లెసిథిన్‌తో కలిపి పరీక్షించారు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, అది సంతృప్త కొవ్వు. వీర్యకణపు పొరకు బిగుతును తట్టుకునే గుణాన్ని ఇచ్చే కొవ్వులకూ దీనికీ చుట్టరికం లేదు. పైగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుందని చలికాలంలో తలకు నూనె రాసుకునే ప్రతివాళ్ళకూ తెలుసు. వీర్యాన్ని గడ్డకట్టించే ముందు నాలుగైదు డిగ్రీల దగ్గర సుమారు నాలుగు గంటలు ఉంచుతారు. ఆ వేళకు ఈ నూనె ద్రవంగా ఉండదు, గట్టిపడ్డ కొవ్వు రేణువులుగా ఉంటుంది. అవి పొరకు ఎలా మేలు చేస్తున్నాయో వివరించకుండా, కణాల కదలికను లెక్కించే కంప్యూటరు ఇచ్చిన చలన శాతాన్ని మాత్రమే చూపితే సరిపోదు. ఆ కంప్యూటరు కూడా కొవ్వు రేణువునూ వీర్యకణపు తలనూ ఒక్కోసారి పొరబడుతుంది. ఈ సందేహం సొనకూ పాలకూ కూడా వర్తిస్తుంది, నిజమే. వాటికి ఎనభై ఏళ్ళ దూడల లెక్క ఉంది, దీనికి లేదు.

మూడోది సుగంధ తైలం. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. లవంగంలోని యూజినాల్, థైమ్‌లోనూ మన వాములోనూ ఉండే థైమాల్, దాల్చినలోని సిన్నమాల్డిహైడ్, ఇవి మొక్కలు తమను తినవచ్చిన జీవుల మీద, బూజు మీద ప్రయోగించే ఆయుధాలు. ఇవి సూక్ష్మజీవుల కణపొరలోకి చొరబడి దానికి చిల్లులు పొడుస్తాయి. ఆ గుణాన్నే నమ్ముకుని మన దేశంలో మరో వైపు ఏం జరిగిందో నూనె పక్షపాతులు గుర్తు చేసుకోరు. 1980లలో ఢిల్లీలో రక్షణ శాఖ పరిశోధకులు వేపనూనెను యోనిలో వాడే గర్భనిరోధకంగా పరీక్షించారు, ఎందుకంటే అది వీర్యకణాలను చంపేస్తుంది. తర్వాత జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో జి.పి. తల్వార్ బృందం తయారుచేసిన ప్రణీమ్‌లో వేపాకు సారంతో పాటు కుంకుడు జాతి కాయల నురుగు పదార్థం, పుదీనా జాతి నూనె ఉన్నాయి. వాము నూనెను వీర్యకణ సంహారిగా పరీక్షించిన పరిశోధన కూడా ఉంది. అంటే ఒక ప్రయోగశాలలో వీర్యకణాలను చంపడానికి వాడే జాతి పదార్థాన్నే మరో ప్రయోగశాలలో కాపాడటానికి వాడుతున్నారు. రెంటికీ తేడా మోతాదు. మోతాదు కొంచెం తగ్గితే గుణం కనబడదు, కొంచెం పెరిగితే విషం. ఇలాంటి పదార్థం వాడాలంటే అందులో ఏది ఎంత ఉందో ప్రతి సీసాకూ కచ్చితంగా తెలియాలి. థైమ్ మొక్కలోనే థైమాల్ ఎక్కువున్న రకాలూ, థైమాల్ బదులు లినలూల్ నిండిన రకాలూ ఉన్నాయి. లవంగ మొగ్గ నూనె, లవంగ ఆకు నూనె ఒకటి కావు. కోసిన నెల, ఆరబెట్టిన తీరు, బట్టీ పట్టిన వేళ, అన్నీ కూర్పును మారుస్తాయి. పత్రంలో "థైమ్ తైలం ఇంత శాతం" అని రాసి ఊరుకుంటే మరో ఊళ్ళో మరొకరు అదే ఫలితం తెచ్చే దారి లేదు.

నూనె నీళ్ళలో కలవదు కూడా. కలపడానికి ట్వీన్ వంటి ఎమల్షన్ పదార్థమో, ఆల్కహాలో, డీఎంఎస్‌ఓనో వేస్తారు. ఇవేవీ ఏ ప్రభావమూ చూపకుండా ఊరుకునేవి కావు. మగపంది వీర్యంలో గుడ్డు సొనతో పాటు సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే డిటర్జెంటును చిటికెడు వేస్తే కరిగించాక కణాలు మెరుగ్గా ఉంటాయని ఏనాడో తేలింది, వ్యాపారంగా అమ్ముతున్నారు కూడా. డిటర్జెంటే అంత మేలు చేయగలిగినప్పుడు, నూనెతో వచ్చిన మెరుగులో నూనె వంతెంత, దాన్ని కలిపిన పదార్థం వంతెంత? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే నూనె లేకుండా ఆ పదార్థం ఒక్కటే వేసిన మరో గుంపు ఉండాలి. అది లేని పత్రాన్ని పక్కన పెట్టేయడానికి వెనకాడనక్కర్లేదు.

ఇక కీలకమైన లెక్కకు వద్దాం. మన దేశపు కనీస ప్రమాణాల ప్రకారం ఒక స్ట్రాలో 2 కోట్ల వీర్యకణాలు ఉండాలి, కరిగించాక కనీసం 50 శాతం కదలాలి. అంటే పశువు గర్భాశయంలోకి కోటి కదిలే కణాలు వెళ్తున్నాయి. ఒక నూనె ఈ 50ని 55 చేసిందనుకుందాం. ఇంకో 10 లక్షల కణాలు కలిసొచ్చాయి. దాంతో చూడి శాతం పెరుగుతుందా? ఆడదూడలే పుట్టేలా కణాలను వేరుచేసిన లింగ నిర్ధారిత వీర్యం స్ట్రాలో సుమారు 20 లక్షల కణాలే ఉంటాయి. అవి యంత్రంలో వేరుపడేటప్పుడు దెబ్బతిని కూడా ఉంటాయి. అయినా మామూలు వీర్యంతో వచ్చే చూడిలో నాలుగింట మూడు వంతులు, ఒక్కోసారి అయిదింట నాలుగు వంతుల దాకా సాధిస్తాయి. కణాల సంఖ్య ఒక హద్దు దాటాక చూడి శాతం పెరగడం ఆగిపోతుందని పునరుత్పత్తి శాస్త్రంలో అందరికీ తెలుసు. ఆ హద్దు ఒక్కో ఆబోతుకు ఒక్కో చోట ఉంటుంది, కానీ కోటి కదిలే కణాలు చాలా ఆబోతులకు ఆ హద్దు పైనే ఉంటాయి. నిండిన కుండలో పోసిన ఆ 10 లక్షలు ఎక్కడికి పోతాయో వేరే చెప్పాలా? కొన్ని లోపాలను సంఖ్య పెంచి పూడ్చలేం కూడా. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణం చక్కగా ఈదుతుంది, అండాన్ని చేరుతుంది, పిండం నిలవదు. అలాంటి కణాన్ని చలన శాతం పట్టుకోలేదు.

చూడి మీద పరీక్ష చేయాలంటే ఎంత ఖర్చో తెలుసా అని పరిశోధకులు అడుగుతారు. తెలుసు. 35 శాతం చూడిని 40 శాతానికి పెంచిందని నమ్మదగ్గట్టు చూపాలంటే ఒక్కో గుంపులో దాదాపు 1,470 పశువులు కావాలి. రెండు గుంపులకూ కలిపి మూడు వేలు. ఒక పీజీ విద్యార్థికి అది సాధ్యం కాదు, ఆ విద్యార్థిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కొద్దిపాటి ఆబోతుల వీర్యం, అయిదారు మోతాదులు, పది రకాల కొలతలు, అందులో ఒక మోతాదు దగ్గర ఒకటి రెండు కొలతలు మెరుగ్గా రావడం, ఇది సిద్ధాంత గ్రంథానికి చాలు. అన్ని మోతాదులు, అన్ని కొలతలు వేసి చూస్తే కాకతాళీయంగానైనా ఒకటి మెరుగ్గా కనబడకుండా పోదు. మెరుగు కనబడని నూనెల కథలు అచ్చుకు ఎక్కడం కష్టం. అందుకే పత్రికలు చదివితే ప్రతి నూనే మంచిదే అనిపిస్తుంది. పరీక్షకు ఖర్చు ఎక్కువన్నది పరీక్ష చేయకపోవడానికి కారణం కావచ్చు గానీ, చేసినట్టు ముగింపు రాయడానికి కారణం కాదు.

చవక అన్నది ఇంకో వాదన. గుడ్డు మానేసి స్థానిక నూనె వాడితే డబ్బు మిగులుతుందట. ఒక గుడ్డులో సుమారు 15 మిల్లీలీటర్ల సొన వస్తుంది. ద్రావణంలో సొన అయిదో వంతు. అంటే ఒక గుడ్డుతో 75 మిల్లీలీటర్ల ద్రావణం, పావు మిల్లీలీటరు స్ట్రాలు 300. ఏడు రూపాయల గుడ్డయినా స్ట్రాకు పడేది రెండు పైసల పైచిలుకు. ఇందులో ఏం మిగుల్చుతారు? యాంటీబయాటిక్‌ల బదులు సుగంధ తైలాలు వాడవచ్చన్న వాదన దీనికంటే గంభీరమైంది. వీర్య ద్రావణాల్లో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటివి కలపడం వల్ల సూక్ష్మజీవులు మొండికేస్తున్న మాట నిజమే. కానీ పెన్సిలిన్ కొట్టేది బ్యాక్టీరియాకు ఉండి వీర్యకణానికి లేని గోడను. థైమాల్ కొట్టేది రెండింటికీ ఉన్న పొరను. బ్యాక్టీరియాను చంపే మోతాదులో వీర్యకణం మిగులుతుందని ఒక్కో తైలానికీ విడివిడిగా చూపాలి, ప్రకృతి సిద్ధం అన్న ముద్రతో గట్టెక్కడం కుదరదు.

నూనె పక్షంలో నాకు గౌరవం ఉన్న వాదన ఒకటుంది. అది గేదెపోతుల గురించి. ఆంధ్రప్రదేశ్‌లో ఆవుల కంటే గేదెలే ఎక్కువ, పాల వ్యాపారం వాటి మీద నిలబడింది. ఎండాకాలంలో తీసిన ముర్రా జాతి పోతు వీర్యం గడ్డకట్టడాన్ని తట్టుకోక 50 శాతం గీత దాటలేక పారబోయాల్సి వస్తుంది. మేలు జాతి తల్లి కడుపున పుట్టి, కూతుళ్ళకు పాల దిగుబడిని అందించగల పోతు వీర్యం కేవలం చలిని తట్టుకోలేక వృథా అవుతుంటే, దాన్ని గీత పైకి తెచ్చే పదార్థం ఏదైనా విలువైనదే. ఇది ఒప్పుకుంటాను. కానీ ఇది వీర్య కేంద్రానికి కలిగే లాభం. రైతు కొట్టంలో చూడి శాతానికి సంబంధించింది కాదు. ఈ పనికైనా కావలసింది కూర్పు తెలిసిన శుద్ధ పదార్థం. టోకోఫెరాల్ కావాలంటే టోకోఫెరాల్ కొనండి, యూజినాల్ పనిచేస్తే యూజినాల్‌నే తూచి వేయండి. అప్పుడు మాత్రమే విశాఖపట్నంలో వచ్చిన ఫలితం కరీంనగర్‌లోనూ వస్తుందో లేదో చూడగలం.

మన దేశంలో ఎదసూదితో వచ్చే చూడి శాతం 35 దగ్గర ఎందుకు ఆగింది అన్నదానికి జవాబు చాలా వరకు స్ట్రా బయట ఉంది. ఎండాకాలంలో గేదెకు మూగ ఎద. అరవదు, తీగలు వేయడం కూడా అంతంత మాత్రం, రైతు కనిపెట్టేసరికి వేళ మించిపోతుంది. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం సూది వేయాలన్న నియమం 1940ల నాటిది. ఎదసూది వేసే గోపాలమిత్ర ఒక్కడు అయిదారు ఊళ్ళు తిరగాల్సి వస్తే ఆ నియమం ఎవరు పాటిస్తారు? కంటెయినర్‌లో నత్రజని అడుగంటినా, స్ట్రా వెతకడానికి గొట్టాన్ని మెడ పైకి ఎత్తి నిమిషం పట్టుకున్నా, స్ట్రా లోపల మంచు స్ఫటికాలు మళ్ళీ పెరిగి కణాలను చీల్చేస్తాయి. 37 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం కరిగించాల్సింది జేబులోనో అరచేతిలోనో కరిగితే అంతే సంగతులు. ఖనిజ లవణాలు లేక, గర్భాశయ వాపుతో తిరగపొర్లే పశువుకు ఏ నూనె వేసిన వీర్యమైనా ఒకటే. వీటి మీద పరిశోధనా పత్రం రాస్తే కొత్తదనం లేదంటారు. కొత్తదనం లేకపోయినా, దూడలు పోతున్నది ఇక్కడే.

నూనెలను నిషేధించమని నేను అనడం లేదు, పరీక్షకు కూర్చోబెట్టమంటున్నాను. అందుకు కావలసిన ఏర్పాటు ఇప్పుడు మన దగ్గర ఉంది. పశువుల చెవులకు 12 అంకెల పోగులు వేశారు, ఎదసూది వేసిన తేదీ, వాడిన ఆబోతు, ఆపై చూడి పరీక్ష ఫలితం భారత్ పశుధన్ నమోదులో ఎక్కించే వీలుంది. ఒకే ఆబోతు ఒకే రోజు ఇచ్చిన వీర్యాన్ని రెండుగా పంచి, సగంలో నూనె వేసి, సగంలో నూనె లేని ఎమల్షన్ పదార్థం మాత్రమే వేసి, రెండు రంగుల స్ట్రాలుగా పంపితే చాలు; ఏ రంగులో ఏముందో గోపాలమిత్రకు గానీ చూడి చూసే డాక్టరుకు గానీ తెలియకూడదు. మూడు వేల సూదులు ఒక జిల్లాలో కొద్ది నెలల పని. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలు ఏటా విడివిడిగా పది నూనెల మీద పది చిన్న పరిశోధనలు చేయించే బదులు, చేతులు కలిపి ఒక్క నూనె మీద ఒక్క పరీక్ష చేయించాలి. అది జరిగేదాకా, ఫలానా నూనె చూడి శాతాన్ని పెంచుతుందని రాసే పత్రాన్ని సంపాదకులు చూడి లెక్క అడిగి వెనక్కి పంపాలి.